కేబుల్ తీసేసి ఓటీటీకి మారితే నిజంగా డబ్బు మిగులుతుందా? ఇంటి లెక్క వేసి చూద్దాం

"కేబుల్ ఎవరు చూస్తున్నారు, దండగ, తీసేద్దాం." ఈ మాట ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపిస్తోంది. అనేది దాదాపు ఎప్పుడూ ఇంట్లో చిన్నవాళ్లే. వాళ్లకు ఫోన్ ఉంది, ల్యాప్‌టాప్ ఉంది, ఫ్రెండ్ ఇచ్చిన పాస్‌వర్డ్ ఉంది. కానీ రోజూ సాయంత్రం ఆరున్నర నుంచి పదింటి దాకా టీవీ ముందు కూర్చునేది వాళ్లు కాదు. అమ్మ, అత్తమ్మ, నాయనమ్మ, రిటైరైన నాన్న. నిర్ణయం ఒకరిది, టీవీ ఇంకొకరిది. కేబుల్ తీసేసిన ఇళ్లలో నెల తిరగకుండానే మళ్లీ కేబుల్ అతనికి ఫోన్ వెళ్లేది ఇందుకే.

సరే, ముందు డబ్బు సంగతి తేలుద్దాం. నెలకు 300 రూపాయల కేబుల్ పోతే ఏడాదికి 3,600 మిగులుతాయి అని చాలామంది నోటిలెక్క చెప్పేస్తారు. అది సగం లెక్క. మిగతా సగం కూడా వేస్తే సమాధానం చాలా ఇళ్లలో తలకిందులవుతుంది. ఒక్కమాట: కింద ఉన్న ధరలు 2025లో ఉన్నవి. ప్లాన్లు మారుతూనే ఉంటాయి కాబట్టి మీరు కొనే రోజు ధరతో లెక్క మళ్లీ వేసుకోండి. పద్ధతి అదే.

కేబుల్ బిల్లులో అసలు ఏముంది?

2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్ కొత్త టారిఫ్ విధానం నడుస్తోంది. అంతకుముందు కేబుల్ వాళ్లు ఒక మొత్తం చెప్పేవాళ్లు, మనం కట్టేవాళ్లం. ఇప్పుడు బిల్లు రెండు ముక్కలు. మొదటిది నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, అంటే ఎన్‌సీఎఫ్. ఇది వైరుకి కట్టే డబ్బు. 130 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. మొదట్లో దీనికి 100 ఛానెళ్లు ఇచ్చేవాళ్లు, 2020 సవరణ తర్వాత 200 అయ్యాయి. 2024 జూలైలో ట్రాయ్ ఈ 130 రూపాయల పరిమితిని ఎత్తేసింది. ఎంత తీసుకోవాలన్నది ఇప్పుడు ఆపరేటర్ ఇష్టం. అందుకే మీ బిల్లులో ఎన్‌సీఎఫ్ ఎంత వేశారో ఒకసారి చూడండి.

రెండో ముక్క పే ఛానెళ్లది. ఏ ఛానెల్‌ని అయినా ప్యాక్‌లో కలిపి అమ్మాలంటే దాని విడి ధర 19 రూపాయలు దాటకూడదు. మన ఇళ్లలో తప్పనిసరి అనిపించే నాలుగు ఎంటర్‌టైన్‌మెంట్ ఛానెళ్లు, అంటే ఈటీవీ, స్టార్ మా, జెమినీ, జీ తెలుగు, ఒక్కోటి గరిష్ఠంగా 19 చొప్పున వేసుకుందాం. 76 రూపాయలు. న్యూస్ ఛానెళ్లలో ఎక్కువ భాగం ఎలాగూ ఫ్రీ.

130 ప్లస్ 76, మొత్తం 206. జీఎస్టీ కలిపితే 243. ఏడాదికి 2,917 రూపాయలు. ఇందులో నాలుగు తెలుగు ఛానెళ్ల వాటా ఏడాదికి 1,076 మాత్రమే. మిగతా 1,841 వైరు ఖర్చు.

మా బిల్లు 243 రావట్లేదే, 350 కడుతున్నామే అంటారా? అక్కడే ఉంది తిరకాసు. ఎవరూ చూడని ఇంగ్లిష్ సినిమా ఛానెళ్లు, మూడు రకాల స్పోర్ట్స్, పక్క భాషల ప్యాక్‌లు అన్నీ కలిపిన ప్యాక్ ఒకటి మీకు అంటగట్టి ఉంటారు. విడివిడిగా ఛానెళ్లు ఎంచుకునే హక్కు మనకు ఉంది. ఆపరేటర్ యాప్‌లో చేయొచ్చు, లేదా ఫోన్ చేసి చెప్పొచ్చు. కేబుల్ తీసేయాలా వద్దా అని ఆలోచించే ముందే ఈ పని చేయండి. 350 కట్టే ఇల్లు 243కి దిగితే ఏడాదికి 1,280 దాకా మిగులుతుంది, ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు.

ఇప్పుడు ఓటీటీ వైపు

సగటు టెక్ ఇష్టపడే కుర్రాడి లిస్టు ఇలా ఉంటుంది: జియోహాట్‌స్టార్, ప్రైమ్, నెట్‌ఫ్లిక్స్.

డిస్నీ ప్లస్ హాట్‌స్టార్, జియోసినిమా కలిసి 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ అయింది. లాంచ్ ధరల్లో టీవీకి పనికొచ్చే సూపర్ ప్లాన్ ఏడాదికి 899. రెండు డివైస్‌లు, యాడ్స్ ఉంటాయి. 499 ప్లాన్ ఉంది కానీ అది మొబైల్‌కి మాత్రమే. ప్రైమ్ ఏడాదికి 1,499. 2025 జూన్ నుంచి ప్రైమ్ వీడియోలోనూ యాడ్స్ వస్తున్నాయి. అవి వద్దంటే ఏడాదికి ఇంకో 699. నెట్‌ఫ్లిక్స్‌లో టీవీలో చూడాలంటే కనీసం నెలకు 199 బేసిక్ ప్లాన్, ఏడాదికి 2,388.

మూడూ కలిపితే 4,786. కేబుల్ 2,917 కంటే 1,869 ఎక్కువ. ఇంతకీ ఇంకా బ్రాడ్‌బ్యాండ్ లెక్కలోకి రానే లేదు.

జియోఫైబర్‌లో తక్కువ ప్లాన్ 399, స్పీడ్ 30 ఎంబీపీఎస్. ఇక్కడ కొత్తవాళ్లు మోసపోయే పాయింట్ ఒకటుంది. ఓటీటీ ధరల్లో జీఎస్టీ కలిపే చూపిస్తారు. బ్రాడ్‌బ్యాండ్ పోస్టర్ మీద జీఎస్టీ ఉండదు. 399 అంటే మీ జేబులోంచి పోయేది 471. ఏడాదికి 5,650. ఇంట్లో ఇప్పటిదాకా వైఫై లేకుండా, కేవలం కేబుల్ మానేయడానికే బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకుంటే మొత్తం ఖర్చు 10,436 అవుతుంది. కేబుల్‌కి మూడున్నర రెట్లు.

పాత టీవీకి స్టిక్ లాంటిది కొనాల్సి వస్తే అదీ కలపాలి. 4,500 రూపాయల స్టిక్ మూడేళ్లు నడుస్తుందనుకుంటే నెలకు 125. ఆరేడేళ్ల క్రితం కొన్న స్మార్ట్ టీవీ ఉన్నా ధీమా వద్దు. యాప్‌లు అప్‌డేట్ అవడం ఆగిపోయిన టీవీలు చాలా ఉన్నాయి. యాప్ తెరుచుకోడానికే అర నిమిషం తీసుకునే టీవీని పెద్దవాళ్ల చేతికిస్తే రెండో రోజు రిమోట్ మూలకి పోతుంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. వర్క్ ఫ్రమ్ హోమ్ కోసమో, పిల్లల చదువు కోసమో ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఎలాగూ ఉంటే ఆ 5,650 టీవీ ఖాతాలో రాయడం న్యాయం కాదు. అప్పుడు పోటీ 2,917కీ 4,786కీ మధ్య మాత్రమే. నెట్‌ఫ్లిక్స్ తీసేస్తే మిగతా రెండూ 2,398. అంటే కేబుల్ కంటే 519 తక్కువ. ఓటీటీ గెలిచే ఇళ్లు ఇవి.

నాలుగు ఛానెళ్లు, నాలుగు యాప్‌లు

తెలుగు ఇంటికి అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఇంగ్లిష్ వెబ్‌సైట్లలో వచ్చే కేబుల్ వర్సెస్ ఓటీటీ పోలికల్లో ఈ సంగతి కనిపించదు.

సెట్‌టాప్ బాక్స్‌లో నాలుగు నంబర్ల పక్కపక్కన ఉన్న ఛానెళ్లు ఓటీటీలోకి వచ్చేసరికి నాలుగు దిక్కులకి పోయాయి. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో. జీ తెలుగువి జీ5లో. జెమినీవి సన్ నెక్స్ట్‌లో. ఈటీవీవి ఈటీవీ విన్‌లో. అమ్మ ఏడింటికి ఒక ఛానెల్‌లో సీరియల్ చూసి, ఏడున్నరకి ఇంకో ఛానెల్‌కి మారి, తొమ్మిదింటికి మళ్లీ మొదటిదానికి వస్తుంది. కేబుల్‌లో అది మూడు బటన్లు. ఓటీటీలో మూడు యాప్‌లు, మూడు లాగిన్లు, మూడు రెన్యువల్ తేదీలు.

డబ్బు పరంగా చూడండి. కేబుల్‌లో ఈ నాలుగింటికీ కలిపి ఏడాదికి 1,076. ఓటీటీలో ఒక్క స్టార్ మా కోసం తీసుకునే జియోహాట్‌స్టార్ సూపర్ ప్లానే 899. దాంతోపాటు క్రికెట్, సినిమాలు వస్తాయి, నిజమే. కానీ మీ నాయనమ్మకి కావాల్సింది ఆ మిగతావి కాదు. ఇంకా మూడు సబ్‌స్క్రిప్షన్లు మిగిలే ఉన్నాయి.

ఫ్రీగా కొంత దొరుకుతుంది. తెలుగు న్యూస్ ఛానెళ్లు చాలావరకు యూట్యూబ్‌లో లైవ్ ఇస్తున్నాయి. జబర్దస్త్, ఢీ లాంటి ఈటీవీ షోలు ఎన్నాళ్లుగానో యూట్యూబ్‌లో పెడుతున్నారు. న్యూస్, కామెడీ షోలతో సరిపెట్టుకునే నాన్నగారు ఉన్న ఇంట్లో యూట్యూబ్ ఒక్కటే సగం కేబుల్ పని చేసేస్తుంది. రోజువారీ సీరియల్ చూసేవాళ్లకి మాత్రం ఇది సరిపోదు.

సినిమాల సంగతీ ఇంతే. కల్కి 2898 ఏడీ తెలుగు వెర్షన్ ప్రైమ్‌లో వచ్చింది, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో. పుష్ప 2 నెట్‌ఫ్లిక్స్‌లో. ఇక సంక్రాంతికి వస్తున్నాం అయితే 2025 మార్చి 1న జీ తెలుగు ఛానెల్‌లో, జీ5లో ఒకే రోజు వచ్చింది. ఆ రోజు కేబుల్ ఉన్న ఇల్లు దానికోసం అదనంగా రూపాయి పెట్టలేదు. ఏ సినిమా ఏ యాప్‌కి అమ్ముడుపోతుందో ముందే చెప్పలేం కాబట్టి, "ఈ రెండు యాప్‌లు ఉంటే చాలు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

అకౌంట్ బెంగళూరులో, టీవీ గుంటూరులో

ఉద్యోగం చేసే కొడుకో కూతురో ఒక అకౌంట్ తీసుకుని ఊళ్లో టీవీలో లాగిన్ చేసేయడం మన దగ్గర మామూలే. ఇది ఇప్పుడు అంత సాఫీగా నడవదు. 2023 జూలైలో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో ఇంటి బయట పాస్‌వర్డ్ పంచుకోవడాన్ని ఆపేసింది. ఒక అకౌంట్ ఒకే ఇంటికి. పీజీలో ఉన్న మీరు, గుంటూరులో ఉన్న అమ్మానాన్న దాని దృష్టిలో ఒక ఇల్లు కాదు.

మిగతా యాప్‌లలో డివైస్‌ల లిమిట్ అడ్డొస్తుంది. ఇద్దరు రూమ్‌మేట్లు ఫోన్లలో మ్యాచ్ చూస్తున్నప్పుడు ఊళ్లో టీవీ మీద ఎర్రర్ మెసేజ్ వస్తుంది. అది ఇంగ్లిష్‌లో ఉంటుంది. అమ్మ వీడియో కాల్ చేస్తుంది, మీరు మీటింగ్‌లో ఉంటారు. సబ్‌స్క్రిప్షన్ రెన్యువల్ ఫెయిల్ అయితే ఓటీపీ మీ ఫోన్‌కి వస్తుంది, సీరియల్ ఆగేది వాళ్ల టీవీలో. కేబుల్‌లో ఏదైనా తేడా వస్తే అమ్మే కేబుల్ అతనికి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడి బాగు చేయించుకుంటుంది. ఆ స్వతంత్రం ఖరీదు మన ఎక్సెల్ షీట్‌లో ఉండదు కానీ ఇంట్లో గొడవలకి కారణం ఎక్కువగా అదే.

అందుకే ఊళ్లో పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇంటికి నా సలహా ఒక్కటే: కేబుల్ కదపకండి. ప్యాక్ తగ్గించండి, చాలు.

బ్రాడ్‌బ్యాండ్‌తో వచ్చే టీవీ: 236 వర్సెస్ 243

మధ్యేమార్గం ఒకటుంది. జియోలో 399 ప్లాన్‌లో ఓటీటీలు ఉండవు. అదే 30 ఎంబీపీఎస్ స్పీడ్‌తో 599 ప్లాన్ తీసుకుంటే టీవీ ఛానెళ్లు, డజను పైగా యాప్‌లు, సెట్‌టాప్ బాక్స్ వస్తాయి. ఎయిర్‌టెల్‌లోనూ ఇలాంటివి ఉన్నాయి. తేడా 200 రూపాయలు, జీఎస్టీతో 236.

పైన మన కేబుల్ బిల్లు ఎంత వచ్చింది? 243. అంటే రెండింటికీ మధ్య తేడా ఏడు రూపాయలు. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ మీకు అమ్ముతున్నది పాత కేబుల్‌నే, దాదాపు పాత రేటుకే. యాప్‌లు పైన కొసరు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఎలాగూ ఉండి, పైగా విడిగా కేబుల్ కూడా కడుతూ, మళ్లీ ఆ యాప్‌లకు వేరే డబ్బు పెడుతున్న ఇళ్లకు ఇదే మంచి బేరం.

ఒప్పుకునే ముందు మాత్రం ఒక ప్రశ్న అడగండి. "800 ఛానెళ్లు వస్తాయి సార్" అన్న మాట పక్కనపెట్టి, ఈటీవీ, స్టార్ మా, జెమినీ, జీ తెలుగు నాలుగూ లైవ్‌లో వస్తాయా, లేక వాటిలో కొన్నింటికి యాప్‌లోకి వెళ్లి నిన్నటి ఎపిసోడ్ చూడాలా అని అడగండి. టీవీలో పెట్టి చూపించమనండి. 800లో ఆ నాలుగు లేకపోతే మిగతా 796తో మన ఇంట్లో పని లేదు.

ఇంకో సంగతి. మన రెండు రాష్ట్రాల్లో చాలా వీధుల్లో కేబుల్ అతనే ఇంటర్నెట్ కూడా ఇస్తాడు. ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబర్‌లో మొదలైనప్పుడు టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ కలిపి 149 ప్లాన్‌తో వచ్చింది. అది ఇళ్లకు చేరింది లోకల్ కేబుల్ ఆపరేటర్ల ద్వారానే. ఇప్పుడా రేటు లేదు, దారి మాత్రం అదే. మీ వీధి ఆపరేటర్‌ని "రెండూ కలిపి ఎంతకిస్తారు?" అని అడిగితే పోస్టర్ రేటు కంటే తక్కువ చెప్పే అవకాశం ఉంది. బేరమాడడానికి మొహమాటపడొద్దు. కనెక్షన్లు పోతున్నాయని అతనికీ బెంగే.

క్రికెట్, డేటా

క్రికెట్ చూసేవాళ్లకి ఓటీటీలో ఒక చిన్న బాధ ఉంది. లైవ్ స్ట్రీమ్ కేబుల్ కంటే కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా ఆలస్యంగా వస్తుంది. మీ టీవీలో బౌలర్ ఇంకా రనప్‌లో ఉండగానే పక్కింట్లోంచి "అవుట్!" అని వినిపిస్తుంది. 2023, 2024 ఐపీఎల్ జియోసినిమాలో ఫ్రీగా చూసి అలవాటు పడ్డాం. 2025లో జియోహాట్‌స్టార్ వచ్చాక ఆ రోజులు పోయాయి. అయినా సీజన్ వరకే కావాలంటే మూడు నెలల 299 ప్లాన్ సరిపోతుంది, దానికోసం ఏడాదంతా కట్టక్కర్లేదు.

డేటా గురించి ఎక్కువ భయం అక్కర్లేదు. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా పోతుంది. టీవీ రోజుకు ఆరు గంటలు నడిస్తే నెలకు 540 జీబీ. జియోఎయిర్‌ఫైబర్ లిమిట్ నెలకు 1,000 జీబీ, జియోఫైబర్‌ది 3,300. సరిపోతుంది. కానీ ఫోన్ హాట్‌స్పాట్‌తో టీవీ నడిపేద్దాం అనుకునేవాళ్లు ఆగండి. రోజుకు 2 జీబీ ప్యాక్ హెచ్‌డీలో 40 నిమిషాల్లో అయిపోతుంది. ఒక్క సీరియల్, మధ్యలో కాస్త యాడ్స్.

అసలు బిల్లే వద్దనుకుంటే డీడీ ఫ్రీ డిష్ ఉంది. డిష్, బాక్స్ ఒకసారి కొంటే నెలనెలా కట్టేది ఏమీ లేదు. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి వస్తాయి. పైన చెప్పిన నాలుగు పే ఛానెళ్లు రావు. ప్రసార భారతి 2024 నవంబర్‌లో తెచ్చిన వేవ్స్ యాప్ కూడా ఫ్రీయే, ఓసారి వేసి చూడండి.

ఓటీటీకి మారేవాళ్లు ఎలా మారాలి?

ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ఉండే ఫ్లాట్, లేదా సీరియళ్లు చూడని చిన్న కుటుంబం అయితే నిశ్చింతగా కేబుల్ తీసేయొచ్చు. కానీ అన్ని యాప్‌లు ఏడాదంతా పెట్టుకోవద్దు. నెట్‌ఫ్లిక్స్‌నే తీసుకోండి. 199 బేసిక్‌లో క్వాలిటీ 720పీ, ఒక్క స్క్రీన్. 43 అంగుళాల టీవీ కొనుక్కుని దాని మీద 720పీ చూడటం నాకైతే మనసొప్పదు. ఏడాదంతా బేసిక్ కడితే 2,388. అదే ఫుల్ హెచ్‌డీ ఉన్న 499 స్టాండర్డ్ ప్లాన్ ఏడాదిలో నాలుగు నెలలు మాత్రం తీసుకుంటే 1,996. మంచి సినిమాలు మూడు నాలుగు పోగయ్యేదాకా ఆగి, ఒక నెల కట్టి, అన్నీ చూసేసి ఆపేయండి. క్వాలిటీ పెరిగింది, 392 రూపాయలు తగ్గింది.

దీనికి అడ్డు ఆటోపే. సబ్‌స్క్రిప్షన్ తీసుకున్న రోజే యూపీఐ యాప్‌లోకి వెళ్లి మ్యాండేట్ ఆపేయండి. ప్లాన్ నెల చివరిదాకా నడుస్తూనే ఉంటుంది. రేపు ఆపుదాంలే అనుకున్నవాళ్ల దగ్గర్నుంచే ఈ కంపెనీలకు ఎక్కువ లాభం.

చివరగా, ఫోన్ చేసి కనెక్షన్ కట్ చేయమనే ముందు ఒక టెస్ట్ పెట్టండి. రెండు వారాలు సెట్‌టాప్ బాక్స్ ప్లగ్ తీసేసి పక్కన పెట్టండి, టీవీలో యాప్‌లు మాత్రమే. ఇంట్లో అందరికీ చెప్పే చేయండి. ఎవరు ఎన్నిసార్లు బాక్స్ మళ్లీ పెట్టమన్నారో, దేనికోసం అడిగారో ఒక కాగితం మీద రాయండి. రెండు వారాల్లో ఎవరూ అడగకపోతే రీఛార్జ్ ఆపేయండి. బాక్స్ అద్దెకు తీసుకున్నదైతే డిపాజిట్ వెనక్కి అడగండి. కొన్నదైతే ఇంకో ఆపరేటర్ దగ్గర పనికిరాదు, అయినా పారేయకుండా అటక మీద పెట్టండి. పండక్కి నాయనమ్మ వస్తే ఒక నెల రీఛార్జ్ చేయడానికి ఉంటుంది.